నలుసుల పుస్తకం

మా ఫ్యాక్టరీలో ఎవరి కంట్లోనైనా నలుసు పడితే మేనేజరు దగ్గరికి వెళ్లేవాళ్లు కాదు, నలుసు బాబాయి దగ్గరికి వెళ్లేవాళ్లు. నేనక్కడ ఇరవై రెండేళ్లు స్టోరు గుమాస్తాగా పనిచేశాను. బాబాయికి తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉందని హాజరు పట్టీలో తప్ప మరెక్కడా చూడలేదు. ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే ఆయన కూడా అందరితో పాటు వెనక్కి తిరిగి చూసేవాడు, ఎవర్నబ్బా అని.

మాది పోతపని. నీళ్ల పంపులకు ఇనప డొల్లలు పోస్తాం. పోత చల్లారాక అంచుల్లో మిగిలిపోయిన ఇనుమును గ్రైండరు చక్రానికి ఆనించి అరగదీయాలి. అరవై మంది మనుషులు, ఇరవై చక్రాలు, పొద్దున ఎనిమిది గంటల నుంచి నిప్పురవ్వలు. ఆ రవ్వలు చూడ్డానికి భలే ఉంటాయి. ఫ్యాక్టరీ చూడ్డానికి వచ్చిన పెద్దమనుషులంతా వాటి ముందే నిలబడి ఫొటోలు తీయించుకునేవారు. ఆ రవ్వ ఆరిపోయాక ఎక్కడికి పోతుందో వాళ్లెవరూ అడగలేదు. కొన్ని నేల మీద పడతాయి, కొన్ని కంట్లో పడతాయి.

కళ్లకు పెట్టుకునే అద్దాలు లేవా అంటే ఉన్నాయి. నలభై జతలు, నా స్టోరులో, ఆకుపచ్చ ఇనప బీరువాలో. తాళంచెవి నా జేబులో. తనిఖీ అధికారి వచ్చే రోజు పొద్దున్నే వాటిని పంచిపెట్టడం, ఆయన కారు గేటు దాటగానే అన్నీ వెనక్కి తీసుకుని తుడిచి తాళం వేయడం నా ఉద్యోగంలో భాగం. ఇది గొప్పగా చెప్పుకోవడం లేదు. ముందే చెప్పేస్తే తర్వాత నన్ను మీరు మంచివాడనుకునే ప్రమాదం ఉండదని చెబుతున్నాను.

ఇక బాబాయి సంగతి. పనిముట్ల గదికి ఒక పెద్ద కిటికీ ఉంది. దాని కింద పోత పెట్టెను బోర్లించి నలుసు పడినవాణ్ణి కూర్చోబెట్టేవాడు. గడ్డం కింద రెండు వేళ్లు ఆనించి మొహాన్ని వెలుతురు వైపు తిప్పేవాడు. పైకి చూడమనేవాడు, కిందికి చూడమనేవాడు. కన్ను పొడిగా ఉంటే, "మీ అత్తగారిని తలుచుకోరా, నీళ్లు వాటంతటవే వస్తాయి" అనేవాడు. నవ్వితే నీళ్లొచ్చేవి, సగం నలుసులు ఆ నీళ్లతోనే కొట్టుకుపోయేవి. మిగతా సగానికి దూది పుల్ల. దానికీ రాకుండా నల్లగుడ్డు మీద అతుక్కుపోయిన వాటికి పిన్నీసు.

ఆ పిన్నీసు మొనను సానరాయి మీద ఎన్నాళ్లో రుద్ది గుండ్రంగా చేసుకున్నాడు. చొక్కా జేబు లోపలి వైపు గుచ్చి పెట్టుకునేవాడు. కంటికి తాకించే ముందు దాన్నొకసారి నాలుక మీద పెట్టుకునేవాడు. ఎందుకు బాబాయ్ అని అడిగితే, చల్లటి ఇనుము కంటికి తగిలితే మనిషి ఉలిక్కిపడతాడు, ఉలిక్కిపడితే గుచ్చుకుంటుంది, అందుకే వెచ్చ చేస్తున్నాను అన్నాడు. అంత మెత్తటి మనసు ఆయనది. ఆ మెత్తదనమే కొంప ముంచింది.

అన్నం తినేటప్పుడు వచ్చినా లేచేవాడు. టిఫిను డబ్బా మూత పెట్టి, తింటున్న చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని, "ఏదీ, ఎడమా కుడా?" అనేవాడు. ఇంత చేసి ఆయన పుచ్చుకునేది ఒక్కటే, ఆ నలుసు.

దాన్ని పిన్నీసు మొన నుంచో దూది పుల్ల నుంచో జాగ్రత్తగా బడిపిల్లల గీతల నోటు పుస్తకంలోకి దించేవాడు. పైన టేపు ముక్క అంటించేవాడు. పక్కన తేదీ, ఎవరిదో, ఏ కన్నో, పిన్నీసుతో తీస్తే ఆ మాట. 'పొట్టి వెల్డరు, ఎడమ'. 'మేస్త్రి అల్లుడు, కుడి'. 'కొత్తగా చేరినవాడు, ఏడ్చాడు, ఎడమ'. మూడు పుస్తకాలు నిండిపోయి నాలుగోది నడుస్తుండేది. అందరూ ఆటపట్టించేవాళ్లు, బాబాయి కూతురి పెళ్లికి నలుసుల హారం చేయిస్తున్నాడని. ఆయనకు కూతుళ్లు లేరు. పెళ్లే లేదు. ఉన్నది ఒక్క తమ్ముడు.

మొదటి పుస్తకం, మొదటి పేజీ, మొదటి నలుసు ఆ తమ్ముడిదే. 'తమ్ముడు, ఎడమ'.

తమ్ముడు ఆయనకంటే పన్నెండేళ్లు చిన్న. అమ్మానాన్నలు పోయాక ఎత్తుకుని పెంచినంత పనిచేసి, తన పక్క చక్రం దగ్గరే పనిలో పెట్టించాడు. చేరిన రెండో ఏడు ఎడమ కంట్లో నలుసు పడింది. బాబాయే తీసి, తమ్ముడికి చూపించి కాగితంలో మడిచి ఉంచాడు. మూడో రోజుకు కన్ను ఎర్రబడింది. ఐదో రోజుకు చీము పట్టింది. పెద్దాసుపత్రిలో పదిహేను రోజులున్నాడు. బయటికి వచ్చేసరికి నల్లగుడ్డు మీద తెల్లటి పొర మిగిలింది, ఆ కంటికి ఇక వెలుతురు కూడా ఆనలేదు. బాబాయి మూడు రోజులు అన్నం ముట్టలేదు. ఆ ఇనుములోనే ఏదో విషం ఉందన్నాడు. తుక్కు కరిగించి పోస్తున్నారు, ఏ రసాయనాల డబ్బాలు కరిగిస్తున్నారో ఎవడికి తెలుసు అన్నాడు. అప్పటి నుంచి నలుసులు దాచడం మొదలుపెట్టాడు. ఒకరోజు ఇవన్నీ పట్టుకెళ్లి మేనేజరు బల్ల మీద పరుస్తాను, అప్పుడు అద్దాలు ఎలా ఇవ్వడో చూస్తాను అనేవాడు. ఆ ఒకరోజు ఇరవై ఏళ్లయినా రాలేదు. ఆయన్ని ఆ బల్ల దాకా ఎవరూ రానివ్వలేదు.

తమ్ముడు ఆస్పత్రి నుంచి వచ్చిన వారం నా స్టోరు కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఉన్న కన్నయినా దాచుకుంటాను, ఒక్క జత ఇవ్వండి అని అడిగాడు. తనిఖీకి లెక్క తక్కువైతే నన్నంటారయ్యా, పైగా రోజూ వాడితే గీతలు పడతాయి అన్నాను. అతను కాసేపు నా వంకే చూశాడు, ఒక కంటితో. "నిజమే, అద్దాలకు గీతలు పడకూడదు" అని వెళ్లిపోయాడు. ఎగతాళి చేశాడో, ఒప్పుకున్నాడో అప్పుడు నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలనీ అనిపించలేదు.

ఐదేళ్ల కిందట కాలేజీ పిల్లలు వచ్చారు. ఒక లెక్చరరు, ఆయన వెనక ఐదుగురు విద్యార్థులు, కంటి ఆసుపత్రి నుంచి ఒక డాక్టరమ్మ. సైన్సు చదివే పిల్లలు ప్రయోగశాలలో కప్పల్ని కోస్తూ కూర్చోకుండా కార్మికుల కళ్ల మీద పరిశోధన చేస్తారట, తేలినదాన్ని బట్టి ఆసుపత్రి వాళ్లు ఇక్కడికే వచ్చి వైద్యం చేస్తారట. మేనేజరు ఒప్పుకున్నాడు. ఫొటో పేపర్లో పడుతుందని ఆశ.

మొదటి రోజు క్యాంటీను గదిలో కుర్చీ వేసి, గోడకు అక్షరాల అట్ట తగిలించి, కళ్లు కాయలు కాసేలా కూర్చున్నారు. ఒక్కడూ రాలేదు. కళ్లు సరిగ్గా లేవని తేలినవాణ్ణి ఇంటికి పంపించేస్తారని అప్పటికే పుకారు పాకిపోయింది. నావి గద్ద కళ్లు, నాకెందుకు పరీక్షలు అన్న పొట్టి వెల్డరు ఆ మాట అంటూనే వెళ్లి తలుపుకు గుద్దుకున్నాడు.

అప్పుడు బాబాయి వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. తన కళ్లు చూపించుకుని లేచి, గుమ్మంలో నిలబడి మా వాళ్లందర్నీ పేరుపేరునా తిట్టాడు. ఇన్నేళ్లు మీ కళ్లు నేను చూశాను, ఎవడి కన్ను ఎలా ఉందో నాకు తెలుసు, దొంగనాటకాలు ఆడకుండా వచ్చి కూర్చోండి అన్నాడు. బాబాయి చెప్పాక ఇక తిరుగేముంది. మూడు రోజుల్లో అరవై మందీ కూర్చున్నారు.

ఆ పిల్లల్లో ఒకమ్మాయి ఉండేది. దళసరి కళ్లద్దాలు. మా వాళ్లు రెండు గంటల్లోనే సోడాబుడ్డి అని పేరు పెట్టేశారు. బాబాయి మాత్రం సైన్సు తల్లీ అనేవాడు. నాలుగో రోజు ఆయన తన పుస్తకాలు పాత తువ్వాలులో చుట్టి తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆ అమ్మాయి మూట విప్పి మొదటి పేజీ చూసింది. ముట్టుకోలేదు. "ఒక్క నిమిషం బాబాయ్ గారూ, చేతులు కడుక్కుని వస్తాను" అని లేచి వెళ్లింది. కాగితాలకు అంత మర్యాదా అని నాకు నవ్వొచ్చింది.

ఆ తర్వాత నెల రోజులు బాబాయి వైభోగం చూడాలి. భోజనాల గంటలో ఆ అమ్మాయి పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాడు. ఏ నలుసు చక్రానిదో, ఏది ఇనుముదో ఆమెకు చెప్పేవాడు. టేపు మీద అయస్కాంతం ఆడించి, చూశావా, కదిలింది ఇనుము, కదలనిది రాయి అనేవాడు. ఆమె రాసుకునేది. లెక్చరరు వచ్చి బాబాయితో చెయ్యి కలిపి, మా పిల్లలు మూడేళ్లు తిరిగినా ఇంత సమాచారం పోగు చేయలేరండీ, పరిశోధకుడంటే మీరే అన్నాడు. పరిశోధకుడు అన్న మాటను బాబాయి ఆ వారమంతా చాక్లెట్టులా చప్పరించాడు. నలుసులు పంతొమ్మిది వందల పద్నాలుగు అని తేలింది. అందులో తమ్ముడివి ఏడు. ఎడమది ఒకటి, కుడివి ఆరు.

"ఈ ఆరూ ఆయనవేనా? ఉన్న ఒక్క కంటిలోనా?" అని ఆ అమ్మాయి అడిగింది.

"మరి ఇంకెక్కడ పడతాయమ్మా" అన్నాడు బాబాయి. "ఇదంతా తేల్చి మా వాళ్లకు అద్దాలు ఇప్పించు తల్లీ. నాకింకేం వద్దు. నా దగ్గరికి ఎవడూ రాకూడదు. నా పని పోవాలి."

ఒకరోజు ఆమె ఆ పిన్నీసు చూపించమంది. దూది పుల్లతో దాని మొనను తుడిచి ఆ పుల్లను గాజు గొట్టంలో పెట్టుకుంది. మా పిన్నీసు కూడా కాలేజీ చదువుకు వెళుతోందిరోయ్ అని బాబాయి ఫ్యాక్టరీ అంతా తిరిగి చెప్పాడు. నాకూ వచ్చి చెప్పాడు.

మూడు వారాల తర్వాత ఆ అమ్మాయి ఒక్కతే వచ్చింది. అప్పుడు నేను పనిముట్ల గదిలో సానరాళ్లు లెక్కపెట్టుకుంటున్నాను కాబట్టి అంతా విన్నాను. సంచిలోంచి మూతపెట్టిన చిన్న గాజు పళ్లెం తీసి కిటికీ గట్టు మీద పెట్టింది. అందులో పసుపు రంగు జిగురు, దాని మీద బూజులాంటి చుక్కలు.

"ఇదేంటో తెలుసా బాబాయ్ గారూ? మీ పిన్నీసు మీద నుంచి తీసింది. పెంచితే ఇలా వచ్చింది. ఇవి నోట్లో ఉండే క్రిములు."

బాబాయి వంగి చూశాడు. ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, పిల్లలు ఏదో వింత చూపిస్తే పెద్దవాళ్లు నవ్వినట్టు. ఆ అమ్మాయి మిగతాది ఆపకుండా చెప్పేసింది, ఆగితే మళ్లీ చెప్పలేనన్నట్టు. నలుసు చేసే గాయం చిన్నది, కడిగితే చాలాసార్లు మానిపోతుంది. పిన్నీసుతో గీరినచోట చీము పట్టి పెద్ద మచ్చవుతోంది. ఆసుపత్రి పక్కనే ఇళ్లున్న పదకొండు మంది అక్కడికే వెళ్లి తీయించుకున్నారు, వాళ్లలో ఒక్కరికే మచ్చ ఉంది. పుస్తకంలో పిన్నీసుతో అని రాసి ఉన్నవాళ్లలో ఇరవై ముగ్గురికి ఉంది. నలుగురికి చూపు బాగా తగ్గింది.

బాబాయి నవ్వు ఎప్పుడు పోయిందో నేను చూడలేదు. చూసేసరికి లేదు. పెట్టె మీద కూర్చున్నాడు, రోజూ నలుసు పడినవాళ్లు కూర్చునే పెట్టె మీద. "మొదటి పేజీ?" అన్నాడు.

"అది ఇప్పుడు చెప్పలేమండీ. అప్పటి ఆసుపత్రి కాగితాలు లేవు."

"చెప్పలేరా, చెప్పవా?"

ఆ అమ్మాయి కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. నిజంగానే చెప్పలేమంది. తర్వాత గొంతు తగ్గించి, కావాలంటే మీ భాగం వదిలేసి రాస్తాను, అద్దాలు ఇవ్వాలన్నంతవరకే రాస్తాను, సారుతో నేను మాట్లాడతాను అంది. తప్పే అయినా ఆ మాట అన్నందుకు ఆ పిల్ల మీద నాకు గౌరవం కలిగింది.

బాబాయి తల అడ్డంగా ఊపాడు. "కంట్లో ఉన్నదాన్ని దాచుకోమని నేనెప్పుడూ ఎవరికీ చెప్పలేదమ్మా. రాయి. అంతా రాయి. అద్దాల సంగతి మాత్రం పైన రాయి."

ఆమె పైనే రాసింది. నివేదిక నేను చదివాను, స్టోరుకు ఒక ప్రతి వచ్చింది. మొదటిది, ప్రతి చక్రం దగ్గరా అద్దాలు ఉండాలి, పని ఉన్నంతసేపూ పెట్టుకోవాలి. రెండోది, కన్ను కడగడానికి శుభ్రమైన నీటి ఏర్పాటు, దానికి నేర్పిన మనిషి. మూడోది, సూదులూ పిన్నీసులతో నలుసులు తీయడం మానేయాలి. ఇన్నేళ్లుగా ఒక కార్మికుడు ఎవరూ చేయని పనిని చేతనైనంతలో చేశాడని, ఆ లోటు యాజమాన్యానిదని కూడా రాసింది. పాపం, చదువుకున్న పిల్ల. రాసిందంతా చదువుతారనుకుంది.

మేనేజరు మూడోది చదివాడు. చదివి సంబరపడ్డాడు. ఇరవై ఏళ్లుగా పోయిన కళ్లకు ఫ్యాక్టరీ కారణమంటూ ఎవరో ఒకరు సణుగుతూనే ఉన్నారు, ఇప్పుడు సైన్సే వచ్చి కారణం చేతికిచ్చింది. వారం తిరగకుండా నోటీసు బోర్డు మీద కాగితం అంటింది. 'నిపుణుల పరిశోధనలో తేలిన ప్రకారం మన కార్మికుల కళ్లు దెబ్బతినడానికి కారణం ఒక కార్మికుడు అజ్ఞానంతో చేసిన నాటువైద్యం. ఇకపై నలుసులు తీసినవారిని, తీయించుకున్నవారిని పనిలోంచి తొలగిస్తాం.' అంతే. అద్దాల మాట లేదు. నీళ్ల మాట లేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, అద్దాలు ఇవ్వనివాడు పిన్నీసు మీద పడ్డాడు. ఆ కాగితం టైపు చేసింది నేను. అంటించిందీ నేనే.

బాబాయిని చక్రం దగ్గర్నుంచి తీసి వెనక రేకుల షెడ్డులో ఇసక జల్లించే పనికి వేశారు. పనిలోంచి తీసేయలేదు, మేనేజరు దాన్ని దయ అన్నాడు.

మనుషుల సంగతి ఇంకా చేదు. ఇరవై ఏళ్లు ఆయన కిటికీ దగ్గర మొహం ఎత్తి కూర్చున్నవాళ్లే ఆయన్ని చూసి పక్కకు తప్పుకున్నారు. అందరి మచ్చలూ ఆయన లెక్కలోకి వచ్చేశాయి. ఆసుపత్రిలో తీయించుకున్నవాడు కూడా నా కన్ను ఆయనే పాడుచేశాడన్నాడు. పొట్టి వెల్డరు షెడ్డు దాకా వెళ్లి, ఉమ్మి పూసి మా కళ్లు పోగొట్టావు కదయ్యా అని మొహం మీదే అన్నాడు. బాబాయి జల్లెడ ఆపలేదు. అవున్రా అన్నాడట. వెల్డరు తిరిగొచ్చేశాడు.

సైన్సు అమ్మాయి రెండుసార్లు వచ్చింది. మొదటిసారి మేనేజరు గదిలో, మీరు సగమే అంటించారు అని గట్టిగా అడిగిందట. ఆయన టీ తెప్పించి, మీరంతా చాలా మంచి పని చేశారమ్మా అని మెచ్చుకుని పంపించాడు. రెండోసారి వచ్చేసరికి గేటు దగ్గర ఆపేశారు. ఆ ఏడు ఆమె పరిశోధనకు కాలేజీల పోటీలో మొదటి బహుమతి వచ్చింది. నలుసుల పుస్తకాలు కాలేజీ వరండాలో గాజు పెట్టెలో పెట్టారు. ఆమె ఆ సంగతి బాబాయికి ఉత్తరం రాసింది, క్షమించమని కూడా రాసింది. ఆ ఉత్తరం బాబాయి నా చేతే చదివించుకున్నాడు, అప్పటికి ఆయనకు దగ్గరి అక్షరాలు ఆనడం లేదు. ఆ పిల్ల తప్పేం లేదని జవాబు రాయమన్నాడు. రాశాను.

ఒక మధ్యాహ్నం నేను ఆ ఆకుపచ్చ బీరువా తెరిచాను. తనిఖీ కాదు, ఏమీ కాదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, ఒప్పుకుంటాను. ఒక్కో జతా పంచేసి, ఏమైతే అది అవుతుందని నిలబడదామనుకున్నాను. మొదటి జత చేతిలోకి తీసుకుంటే రబ్బరు పట్టీ పొడి పొడిగా రాలింది. రెండోదీ అంతే. తాళం వేసి దాచినవి దాచినచోటే కుళ్లిపోయాయి. అద్దాలకు మాత్రం ఒక్క గీత లేదు.

నోటీసు పెట్టిన ఏడో నెలలో తమ్ముడి కుడి కంట్లో నలుసు పడింది.

అప్పుడు సమయం రెండున్నర. కన్ను మూసుకుని, గోడ తడుముకుంటూ, అతను తిన్నగా వెనక షెడ్డుకు వెళ్లాడు. ఇసక లారీ చీటీ మీద సంతకం కోసం నేనూ అక్కడే ఉన్నాను. అతను అలవాటుగా బోర్లించిన బకెట్టు మీద కూర్చుని మొహం పైకెత్తాడు.

"అన్నయ్యా, కుడి" అన్నాడు.

బాబాయి రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకున్నాడు. అంత పెద్ద మనిషి, చేతులు దాచుకుని గోడకు ఆనుకున్నాడు. "నేను ముట్టుకోను. ఆస్పత్రికి పద" అన్నాడు. రెండు బస్సులు మారాలి, గంటన్నర పడుతుంది, కన్ను మండిపోతోందని తమ్ముడు బతిమాలాడు. పిన్నీసు వద్దు, ఉత్త గుడ్డతో అయినా చూడమన్నాడు. బాబాయి చేతులు ముందుకు రాలేదు. గేటు పాసులు నేనే రాస్తాను. ఇద్దరికీ రాసి, మూడోది నాకూ రాసుకున్నాను. ఇరవై రెండేళ్లలో అడక్కుండా నేను చేసిన మేలు అదొక్కటే.

బస్సులో తమ్ముడు కన్ను తెరవలేదు. బాబాయి అతని రెండు చేతులూ పట్టుకుని కూర్చున్నాడు, నలపకుండా. ఆసుపత్రిలో గంట కూర్చోబెట్టారు. తర్వాత ఒక నర్సమ్మ వచ్చి, తల పక్కకు వంచి, సీసాలోంచి నీళ్లు ధారగా పోసింది. రెండు నిమిషాలు. నలుసు నీళ్లతో పాటు గిన్నెలోకి జారిపోయింది. ఉత్త శుభ్రమైన నీళ్లు. బాబాయి ఆ సీసా వంక చూస్తూ నిలబడిపోయాడు. దీన్నేమంటారమ్మా, ఇది ఎక్కడ దొరుకుతుంది అని అడిగాడు. ఉప్పు నీళ్లు తాతా, ఎక్కడైనా దొరుకుతాయి అంది ఆవిడ. గీత పడింది కాబట్టి ఒక్కరోజు కట్టు ఉంచాలని కుడి కన్ను మూసి కట్టు కట్టింది. దాంతో తమ్ముడికి పూర్తిగా చీకటైపోయింది.

కట్టు విప్పాక వేసుకోవాల్సిన చుక్కల మందు తీసుకురమ్మని నన్ను మందుల గదికి పంపారు. నేను తీసుకుని వచ్చేసరికి వాళ్లిద్దరూ గేటు వైపు నడుస్తున్నారు. బాబాయి చెయ్యి పట్టుకుని తమ్ముడు అడుగులో అడుగు వేస్తున్నాడు. వెనక నుంచి వెళ్లి కలుసుకున్నాను. బాబాయి నన్ను చూశాడు. కంటికి కట్టున్న తమ్ముడికి నేను వచ్చిన సంగతి తెలియదు. పిలుద్దామని నోరు తెరిచేలోపే బాబాయి అడిగేశాడు.

"ఒరేయ్, అప్పుడు ఎడమది... నా వల్లేనా?"

తమ్ముడు ఆగలేదు. నడుస్తూనే చెప్పాడు, ఎప్పటి నుంచో నోట్లోనే ఉన్న మాటలా.

"అప్పుడే చెప్పారన్నయ్యా. సూది గీరుకుంది, దాని వల్లే చీము పట్టిందని. నువ్వు కాగితాలు తేవడానికి వెళ్లావు, అప్పుడు చెప్పాడు డాక్టరు."

"ఇరవై ఏళ్లు నాకెందుకు చెప్పలేదురా?"

"చెబితే నువ్వు మానేసేవాడివి. మానేస్తే ఈ రెండోది ఎవరికి చూపించుకోను? అద్దాలిమ్మంటే గీతలు పడతాయన్నాడు చూడు, ఆ స్టోరాయనకా?"

బాబాయి నా వంక చూడలేదు. చూసినా బాగుండేది. రోడ్డు దగ్గర లారీలు వస్తుంటే ఆగి, తమ్ముణ్ణి భుజం పట్టుకుని దాటించాడు. నేను మందు సీసా పట్టుకుని ఇవతలే నిలబడ్డాను. చప్పుడు చేయకుండా తర్వాతి బస్సుకు వెళ్లాను.